అక్కయ్య తుంటిలో సీమ ఎముక

మా అక్కయ్య పోయిందన్న కబురు ఏలూరులో మా ఇంటికి మధ్యాహ్నం బస్సులో వచ్చింది. తెచ్చినవాడు ఊళ్లో మా పాలేరు. గుమ్మం దగ్గర నిలబడి, తలపాగా విప్పి చేతిలో నలుపుతూ, "పెద్దమ్మగారు ఇక లేరండి" అన్నాడు.

ఎప్పుడనీ ఎలాగనీ నేను అడగలేదు. నా నోటివెంట వచ్చిన మొదటి మాట, "జ్వరం వచ్చిందా?" అని.

"లేదండి. ఏ జ్వరమూ లేదండి. పొద్దున్నే చద్దన్నం తిని, అరుగుమీద కూచుని చింతపండు పిక్కలు తీయిస్తున్నారండి. గుండెల్లో పట్టేసినట్టుందన్నారండి. మంచినీళ్లు తెచ్చేలోపే అయిపోయిందండి."

అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఆ ఏడుపుకు ముందు, రెప్ప వాల్చి ఎత్తేంత సేపు, గుండెలమీంచి బరువేదో దిగినట్టయింది. చదివేవారు తప్పుగా అనుకోవద్దు. ఆవిడను తీసుకుపోయింది 'అది' కాదన్నందుకు ఆ తేలిక. ఆ 'అది' ఏమిటో, మా ఇంట్లో అది ఎన్నాళ్లు కాపురం చేసిందో చెప్తేనే మా అక్కయ్య ఎలాంటి మనిషో మీకు తెలుస్తుంది.

అక్కయ్య అంటే నాకు తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. నేను తల్లిలేని పిల్లగా ఆ ఇంట్లో అడుగుపెట్టాను. గణపవరానికి దిగువన, కొల్లేటి అంచున మా ఊరు. వానాకాలం వస్తే చేలెక్కడ ఆగాయో సరస్సెక్కడ మొదలైందో తెలిసేది కాదు. నాకు నీళ్లంటే హడలు. అది కనిపెట్టి, కాపురానికొచ్చిన కొత్తలోనే నన్ను తాటిదోనెలో కూర్చోబెట్టి సరస్సు మధ్యకు తీసుకెళ్లింది. నేను కళ్లు మూసుకుని దోనె అంచు పట్టుకుంటే పకపకా నవ్వింది.

"నీటిని నమ్మొచ్చు చెల్లాయ్. ఒడ్డున బురదనే నమ్మకూడదు" అంది.

పొడగరి. ఆవిడ నడుస్తుంటే పక్కన మేం పరిగెత్తాల్సొచ్చేది. పిల్లల్లేరు. బావగారు నెమ్మదస్తులు, నలుగురిలో నోరు విప్పరు. చేలగట్లన్నీ తిరిగేదీ, నారు ఎప్పుడు పొయ్యాలో చెప్పేదీ ఆవిడే. వడ్లగింజ పంటికింద కొరికి, ఆ చప్పుడు విని, ఎండిందో లేదో చెప్పేది. చేపలమ్మి గంప దించితే ముందు మొప్పలెత్తి చూసేది. నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది, అయినా వీధిలోకి వినిపించేది. భయమన్న మాట ఆవిడ నోట నేను వినలేదు, ఆ రోజులు వచ్చేదాకా.

ఆవిడ పడింది కూడా ఒడ్డున బురదలోనే. దోనె దిగుతూ కాలు జారి, తుంటిమీద పడింది. లేవలేకపోయింది. నాటువైద్యుడు వచ్చి వెదురుబద్దలు కట్టాడు. నెలల తరబడి మంచానికే అంటుకుపోయింది. కట్టు విప్పాక కాలు కింద పెట్టబోతే ప్రాణం పోయినంత కేక పెట్టింది. ఏలూరు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే అసలు సంగతి తెలిసింది. తొడ ఎముక పైన గుండ్రంగా ఒక తల ఉంటుందట. అది తుంటిగిన్నెలో తిరుగుతుందట. ఆ తల మెడ దగ్గర విరిగి, నెత్తురందక లోపలే ఎండిపోయిందట. ఇక అతకదన్నారు. రాష్ట్రం విడిపోయి వేరైనా, పెద్ద జబ్బు చేస్తే మాకు మద్రాసే దిక్కు. అక్కడ ఆ చచ్చిన తలను తీసేసి, లోహంతో చేసిన గుండు పెట్టారు. దానికో కాడ ఉంటుంది. ఆ కాడను తొడ ఎముక బోలులోకి దిగ్గొడతారు. తెల్లదొరల సీమ నుంచి ఓడలో వచ్చిన సరుకని నర్సు చెప్పింది.

ఆవిడ నడిచింది! కర్ర పట్టుకుని మొదలుపెట్టి, కర్ర వదిలేసి నడిచింది. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చారు. "ఇదిగో, సీమ ఎముక" అని తుంటిమీద చరిచి చూపించేది. ముదినేపల్లి నుంచి చుట్టాలొస్తే కాఫీకంటే ముందు దాని కథ చెప్పేది. రెండేళ్లు అలా గడిచాయి. లోపలొక పరాయి వస్తువుందన్న మాటే మరిచిపోయాం.

ఒక కోతల కాలంలో ఆవిడ మడమలో వరిమోడు దిగింది. చేలో తిరిగేవాళ్లకు అదో లెక్కా? మడమ వాచింది, చీము పట్టింది, గజ్జల్లో బిళ్ల కట్టింది. పసుపూ ఆముదమూ కాచి కట్టు కట్టాం. చీము పోయింది, పుండు మానింది, ఆవిడ మళ్లీ గట్టెక్కింది. మేం దాన్నక్కడితో వదిలేశాం. అది మమ్మల్ని వదల్లేదని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆవిడకు వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కోళ్లు టకటకలాడాయి. కొల్లేటి అంచున చలిజ్వరం ఎవరికి కొత్త? తాడేపల్లిగూడెం డాక్టరుగారు వచ్చి క్వినైను ఇచ్చారు. తగ్గకపోతే పెన్సిలిన్ సూదులు వేశారు. తగ్గింది. సూదులు ఆపిన వారానికే మళ్లీ వచ్చింది. మళ్లీ సూదులు, మళ్లీ తగ్గడం. ఆపితే మళ్లీ వణుకు. ఏదో లోపల దాక్కుని, మందు వచ్చినప్పుడు తలవంచుకుని, అది వెళ్లిపోగానే లేచి కూర్చుంటున్నట్టుండేది.

ఆవిడ నడక మారింది. గమనించి అడిగితే, "వాతం చెల్లాయ్, మబ్బు పట్టింది కదా" అనేది. ఆకాశంలో మబ్బే లేదు.

ఒక రోజు వీపు రుద్దడానికి స్నానాల గదిలోకి వెళ్లాను. ఆవిడ వద్దంది. అప్పటికే నీళ్లు పోశాను. తడిచీర తుంటికి అంటుకుని ఉంది. పాత కుట్ల గీత కిందికొస ఎర్రగా, శనగగింజంత ఉబ్బి కనిపించింది. చుట్టూ చర్మం మెరుస్తోంది. వేలు పెడితే వేడిగా తగిలింది.

"అక్కయ్యా, ఇదేంటండీ?"

"చూడకు. చీర కప్పు."

నేను చీర కప్పబోతుంటే ఆ ఉబ్బు చిట్లింది. పసుపుపచ్చటి చీము సన్నటి ధారగా తొడమీంచి దిగింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. చెంబు నా చేతిలోంచి జారి బండమీద మోగింది.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. "ఎవరికీ చెప్పకు చెల్లాయ్. కాలు తీసేస్తారే" అంది. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. సరస్సు నడిమధ్య నన్ను చూసి నవ్విన మనిషి, నా భుజంమీద తల ఆనించి చిన్నపిల్లలా వణికింది.

నేను చెప్పాను. ఆ సాయంత్రమే బావగారికి చెప్పాను. ఆవిడ నాతో మాట్లాడలేదు. గూడెం డాక్టరుగారు వచ్చి, ఆ చిల్లులోంచి సన్నటి కడ్డీ నెమ్మదిగా పోనిచ్చారు. అది లోపలికి పోతూనే ఉంది. ఆఖరికి దేనికో తగిలి 'టిక్' మంది. ఎముకకు తగిలితే అలాంటి చప్పుడు రాదు. ఆయన మొహంలో రంగు మారింది. కడ్డీ తీసి, చేతులు చాలాసేపు కడుక్కుని, "అమ్మా, ఇది నా చేతిలో లేదండి. ఆలస్యం చెయ్యకుండా మద్రాసు వెళ్లాలండి" అన్నారు.

గూడెంలో రైలెక్కాం. నాకప్పుడు మూడో నెల. మావారు వద్దన్నా వినకుండా వెళ్లాను. ఆవిడ కిటికీ పక్కన పడుకుని, కృష్ణ దాటేదాకా మాట్లాడలేదు. దాటాక అంది: "నొప్పి మంచిదే చెల్లాయ్. అది అరుస్తుంది. అరవకుండా కూచునేదాన్ని చూసే భయపడాలి. ఇది నాలో ఎన్నాళ్లనుంచి కూచుందో!"

మద్రాసు ఆసుపత్రిలో గుండు పెట్టిన పెద్ద డాక్టరుగారే చూశారు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. కొత్త ఎక్స్‌రే వెలుగుకు పట్టుకుని చూస్తే, లోహపుకాడ చుట్టూ ఎముక చెదలు తిన్న దూలంలా ఉంది.

"ఈ మధ్య ఒంటిమీద ఎక్కడైనా పుండు లేచిందా అమ్మా? సెగ్గడ్డ, పన్ను వాపు, ఏదైనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. నాకు మడమ గుర్తొచ్చింది. చెప్పాను.

"అయ్యుండొచ్చు. ప్రమాణం చేసి చెప్పలేను గానీ, అయ్యుండొచ్చు" అన్నారాయన. "పుండులో క్రిములు నెత్తుట్లో పడతాయి. మామూలు ఒళ్లయితే వాటిని చంపేస్తుంది. కానీ లోపల పరాయి వస్తువుంటే వెళ్లి దాన్ని పట్టుకుంటాయి. మనం వేసే మందు నెత్తుటితోనే కదా వెళ్లాలి? ఇనుములో నెత్తురు పారదు. అందుకే చుట్టుపక్కలవి చస్తాయి, దాన్ని కరుచుకున్నవి బతికిపోతాయి. మందు ఆపగానే మళ్లీ పెరుగుతాయి."

అక్కయ్య అంతా విని, "రేవుమెట్టుకి పాచి పట్టినట్టాండి?" అని అడిగింది.

ఆయన ఎక్స్‌రే కింద పెట్టారు. "అలాంటిదే అనుకోండి."

"పైన ఎంత కడిగినా మర్నాటికి మళ్లీ జారుద్దండి. నాకు తెలుసండి."

ఆయన కుర్చీ లాక్కుని ఆవిడ మంచం పక్కన కూర్చున్నారు. గుండు తీసేయాలన్నారు. తీశాక అక్కడ మరొకటి పెట్టడానికి లేదు, కీలు లేకుండానే కాలు ఉంటుంది, పొట్టిదవుతుంది, కర్ర లేనిదే నడక ఉండదు. తీశాక కూడా చీము ఆగకపోతే అప్పుడు కాలి సంగతి ఆలోచించాలి. బావగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పెద్దమనిషి భుజాలు కదలడం అందరం చూశాం.

"తియ్యకపోతేనండీ?" అంది ఆవిడ.

"ఇప్పుడది తుంటిలోనే ఉందమ్మా. మళ్లీ నెత్తుట్లోకి పాకితే నేను ఆపలేను."

ఆవిడ కప్పువైపు చూసింది. పెదవులు తడుపుకుంది. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "మునిగేవాడు గట్టెంత దూరమని అడగడండి. తీసెయ్యండి" అంది. ఆయన వెళ్లాక మాత్రం నాతో, "చెల్లాయ్, నిద్ర లేచేసరికి కాలుందో లేదో ముందు నువ్వు చూసి చెప్పు. నేను చూడలేను" అంది.

ఆపరేషన్ గది బయట బల్లమీద బావగారూ నేనూ కూర్చున్నాం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాం. ఎవరినో తోసుకొచ్చేవారు, ఆవిడ కాదు. మళ్లీ కూర్చునేవాళ్లం. బావగారు ఏ దేవుడి పేరూ ఎత్తలేదు. "దాన్ని ఆ రోజు దోనె ఎక్కనివ్వకుండా ఉండాల్సింది" అని మాత్రం గొణిగారు. ఆవిడను దేన్నయినా ఎక్కనివ్వకుండా ఆపగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరు?

మెలకువ వచ్చి కళ్లు తెరవకుండానే, "ఉందా?" అంది.

"ఉందండి. రెండూ ఉన్నాయండి."

"ఒట్టు?"

"మీమీద ఒట్టండి."

కట్టు మార్చేటప్పుడు డాక్టరుగారు పింగాణీ గిన్నెలో ఆ గుండును తెచ్చి చూపించారు. కడిగి తెచ్చారు. నిగనిగలాడుతూ అందంగా ఉంది. అంత నున్నటిదాన్ని ఆ క్రిములు ఎలా పట్టుకుని బతికాయో నాకర్థం కాలేదు. "ఇంటికి తీసుకెళ్తారా?" అని అడిగితే ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. "మీ దగ్గరే ఉంచండి డాక్టరుగారూ. మా ఊళ్లో దానికి చోటు లేదు" అంది.

గుండు పోయినంత మాత్రాన భయం పోలేదు. పుండు వెంటనే మూసుకోలేదు. ఊరికి తిరిగొచ్చాక కూడా రోజూ గుడ్డ తడిసేది. నీళ్లలో ఉడికించిన గుడ్డలే వాడాలి, తీసిన గుడ్డలు కాల్చెయ్యాలి, ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి. గూడెం డాక్టరుగారు మా అందరికీ వల్లెవేయించారు. నాకు నెలలు నిండాయి. పుట్టిల్లు లేనిదాన్ని కనక పురుడు అక్కడే. అమ్మాయి పుట్టింది. ఆ ఇంట్లో ఏళ్ల తరవాత చంటిపిల్ల ఏడుపు.

పిల్లలకోసం గుళ్లూ గోపురాలూ తిరిగిన మనిషి, పురిటిగది గుమ్మం దాటి లోపలికి రాలేదు. వాకిట్లో కుర్చీ వేయించుకుని అక్కడినుంచే చూసేది.

"ఒక్కసారి ఎత్తుకోండక్కయ్యా. చేతులు కడుక్కుంటే చాలన్నారు కదండీ."

"డాక్టరుగారు అంటారు. ఆయన ఒంట్లో ఉందా అది? నా ఒంట్లో ఉంది. దాని సంగతి నాకు తెలుసు."

పిల్లకు నెల నిండక ముందే చెవి వెనక చిన్న పొక్కు లేచింది. పొక్కు మొనలో చీము. నేను చూసి అరిచిన అరుపుకు వంటింట్లో ఉన్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు. అక్కయ్య మాత్రం రాలేదు. కుర్చీలోంచి లేచి, కర్ర పట్టుకుని, వెనక్కి చూడకుండా దొడ్డిదారిన కళ్లంలోని పాకకు వెళ్లిపోయింది. బతిమాలినా రాలేదు. "అది తగ్గేదాకా నా నీడ ఇంట్లో పడకూడదు" అంది. అన్నం అక్కడికే పంపాం. పిల్లను చూడ్డానికి డాక్టరుగారు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. వాకిట్లోంచి చూస్తే పాక గుమ్మంలో ఆవిడ ఎర్రంచు తెల్లచీర అలాగే నిలబడి ఉండేది, ఇంటివైపు చూస్తూ.

డాక్టరుగారు పొక్కు చూసి, పిల్ల ఒళ్లంతా తడిమి, "ఇది చెమటకాయండి. వేడికి చీము పట్టింది, అంతే" అన్నారు. తుడిచి మందు రాశారు. పొక్కు ఎండిపోయింది. ఆ మాట ఆయనే స్వయంగా కళ్లంలోకి నడిచి వెళ్లి చెప్పారు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. కొంతసేపటికి ఆయన సంచీ ఒక చేత్తో, ఆవిడ మోచెయ్యి ఒక చేత్తో పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు.

ఆ వానాకాలం వెళ్లేసరికి పుండు మూసుకుంది. అయినా ఆవిడ నమ్మలేదు. రోజూ పొద్దున్నే నన్ను పిలిచి, గుడ్డ వెలుగులో పెట్టి చూడమనేది. పొడిగుడ్డ. మర్నాడూ పొడిగుడ్డే. మళ్లీ చలికాలం వచ్చి, కొల్లేటికి గూడకొంగలు దిగాక, ఒక పొద్దున గుడ్డ చూపించమనలేదు. చేతులు మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కుని, పొయ్యి దగ్గర ఆరబెట్టుకుని, "ఇటియ్యవే పిల్లని" అంది. ఇచ్చాను. పిల్ల అప్పటికి బోర్లాపడి పాకుతోంది కూడా. అది ఆవిడ ముక్కు పట్టుకుంది. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. ఊపిరి బిగబట్టినట్టు అలా కూర్చుండిపోయింది, పిల్ల బరువును కాలిమీద కాకుండా మొత్తం ఒంటితో మోస్తున్నట్టు.

పొట్టికాలికి మందమైన అడుగున్న చెప్పు కుట్టించాం. దానితోనే, కర్రతోనే, మళ్లీ సాగు చూసింది. ద్వారకా తిరుమల వెళ్లి తలనీలాలిచ్చింది. మావారికి ఉద్యోగం ఏలూరులో దొరికి మేం అక్కడికి మారాం. కానీ ఆవిడ తుమ్మిందని తెలిసినా నా గుండె జారేది. ఊరికి వెళ్లినప్పుడల్లా, పలకరింపుకంటే ముందు నుదుటిమీద చెయ్యి వేసేదాన్ని. "చల్లగానే ఉన్నాన్లే" అనేది. ఆ భయం ఆవిడకూ ఉంది. వణుకొస్తే ఒంటరిగా గదిలోకి వెళ్లి మచ్చ తడుముకునేదని బావగారు చెప్పారు. ఎవరికీ చెప్పకుండా భయాన్ని అదుపులో పెట్టుకుని, పగలంతా ఎప్పటిలాగే కేకలేస్తూ తిరగడం, ఆవిడ ధైర్యమంటే అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. అదివరకు నేను ధైర్యమనుకున్నది ఉత్త ఆరోగ్యం.

ఆవిడను ఆఖరిసారి చూసింది ఊడ్పుల్లో. బస్సు దిగి గట్టుమీద నడిచి వెళ్తుంటే దూరంగా కనిపించింది. మందచెప్పు లేదు, కర్ర గట్టున పడుంది. పొట్టికాలు గట్టుమీద మోపి, రెండో కాలు చేలో దించి నిలబడింది. రెండు కాళ్లూ సమమై, ఎప్పటి ఎత్తులోనే, నిటారుగా ఉంది. నడుంమీద చెయ్యి. "కాలికి ఏదైనా దిగుద్దండీ, పైకి రండి!" అని నేను గట్టుమీంచే అరిచాను. వినిపించిందో లేదో, ఇటు తిరగలేదు. చేల నిండా నీళ్లు, నీళ్ల నిండా ఆకాశం. వంగి నాటుతున్న ఆడవాళ్లందరి మధ్యా ఆవిడొక్కతే నిలువునా ఉండి, చేయి చాచి, వంకరపోతున్న వరసను చూపిస్తూ ఏదో అంటోంది.